మిథనాల్లో పొటాషియం అయొడైడ్: సాంద్రత, స్నిగ్ధత కొలిచే పద్ధతి

నా మొదటి రీడింగులన్నీ వానాకాలం తేమకే బలయ్యాయి. అందుకే ముందు ఎండబెట్టడం గురించి చెబుతాను. పొటాషియం అయొడైడ్ ఉప్పును 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, డెసికేటర్‌లో (తేమ చేరని మూతపాత్రలో) చల్లార్చండి. మిథనాల్‌ని 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్స్ (నీటిని పీల్చుకునే గుళికలు) మీద ఉంచండి. మిథనాల్ విషం, పైగా మండుతుంది. ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి.

100 మి.లీ. ఫ్లాస్క్‌లో 1.66 గ్రాముల ఉప్పు మిథనాల్లో కరిగించి గీత వరకు నింపితే 0.1 మోలార్ (లీటరుకి 0.1 మోల్). దాన్నుంచి 0.01 వరకు ఐదారు ద్రావణాలు చేసుకోండి.

సాంద్రత కోసం పిక్నోమీటర్‌ని (కచ్చితమైన ఘనపరిమాణం పట్టే చిన్న గాజుసీసాని) 25 డిగ్రీల నీటితో (0.99704 గ్రా./మి.లీ.) క్యాలిబ్రేట్ చేయండి. తూచేటప్పుడు అరచేత్తో పట్టుకోకండి! మిథనాల్ నీటికంటే నాలుగు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. నాకైతే కేశనాళికలోంచి పొంగి బయటికొచ్చింది.

తర్వాత స్నిగ్ధత కోసం ఉబెలోడ్ విస్కోమీటర్ (ద్రవం సన్నని గొట్టంలోంచి జారే సమయాన్ని కొలిచే గాజు పరికరం). వాటర్‌బాత్‌లో పావుగంట ఆగి, మూడుసార్లు టైమ్ తీయండి. ప్రవాహ కాలాన్ని సాంద్రతతో గుణించి, శుద్ధ మిథనాల్ లబ్ధంతో భాగిస్తే సాపేక్ష స్నిగ్ధత వస్తుంది. అందులోంచి 1 తీసేసి, గాఢత వర్గమూలంతో భాగించి, అదే వర్గమూలానికి ఎదురుగా గ్రాఫ్ గీయండి. ఆ గీత వాలే జోన్స్–డోల్ బి గుణకం, అంటే కరిగిన ఉప్పు ద్రావకం స్నిగ్ధతని పెంచుతుందో తగ్గిస్తుందో చెప్పే సంఖ్య. నీటిలో ఈ ఉప్పుకి బి రుణాత్మకం, మిథనాల్లో ధనాత్మకం. మీకు రుణాత్మకం వస్తే టెన్షన్ పడకుండా సాంద్రతలు మళ్లీ చూడండి.