పాత ట్రక్కుని రోజూ తిరిగే బండిగా నిలబెట్టుకోవడం

పాత ట్రక్కు కొని తెచ్చుకోగానే ముందు కళ్లు పడేది రంగు మీద, సొట్టల మీద, చిరిగిన సీట్ల మీద. వాటి జోలికి ఇప్పుడే పోవద్దు. రోజూ పనికి తీసుకెళ్లే బండి ముందుగా బ్రేక్ తొక్కితే ఆగాలి, తర్వాత వేడెక్కకుండా ఉండాలి, ఆ తర్వాత పొద్దున్నే స్టార్ట్ అవ్వాలి. పనులు కూడా ఆ వరసలోనే చేయండి. అన్నీ ఒకేసారి విప్పి పెట్టుకోకండి. ఆదివారం విప్పింది ఆదివారమే బిగించగలిగేంత పనే పెట్టుకోండి, లేదంటే సోమవారం బస్సే గతి.

వీటన్నిటికంటే ముందు ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. బండిని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందికి దూరండి, వట్టి జాకీని నమ్మొద్దు. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది. కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) బిగించే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. లోపలికి దిగిపోయిందంటే వెల్డింగ్ బాగా తెలిసినవాళ్లు చూసేదాకా ఆ బండి మీద ఇంకో రూపాయి పెట్టకండి.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, తేమ చేరితే తక్కువ వేడికే మరిగి పెడల్ మెత్తగా దిగిపోతుంది. పాతదంతా తీసేసి కొత్తది పోయించండి, ఆ తర్వాత 2 ఏళ్లకోసారి చాలు. చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బిపోతాయి. తొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది గానీ వదిలాక వెనక్కి రాదు, ఆ చక్రం పట్టేసినట్టే ఉంటుంది. కాస్త దూరం తిప్పి వచ్చి ఒక్కో చక్రం దగ్గర చేయి పెట్టి చూడండి (ఆనించకండి, కాలుతుంది), ఒకటే మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడే వెతకాలి. టైర్లకి గాట్లు నిండుగా ఉన్నాయని మురిసిపోవద్దు. పక్కన 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. పదేళ్లు దాటిందంటే కొత్తగా కనిపించినా తీసేయడమే.

ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), ఫ్యాన్ బెల్టు ఎలాగూ మారుస్తారు. టైమింగ్ బెల్టు (వాల్వుల్ని, పిస్టన్లని ఒకే లయలో నడిపే పట్టీ) ఉన్న ఇంజన్ అయితే, ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోండి. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి, ఆ రిపేరు బండి ధరతో పోటీ పడుతుంది.

ఇక స్టార్టింగ్. నా బండి కీ తిప్పితే టక్ మని ఊరుకునేది. బ్యాటరీ మార్చాను, స్టార్టర్ విప్పించాను, ఏం లాభం లేదు. తీరా చూస్తే ఇంజన్‌కి, బాడీకి మధ్య ఎర్త్ వైరు (కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి) తుప్పు పట్టి ఉంది! గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే ఒక్క తిప్పుకే అందుకుంది. అందుకే వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. నల్ల తీగ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర తీగ ఇంజన్ ఇనుము మీద పెట్టి, ఇంకొకరిని కీ తిప్పమనండి. స్టార్టర్ తిరిగేటప్పుడు 0.2 వోల్టులకంటే బాగా ఎక్కువ చూపిస్తే ఎర్త్ సరిగా లేనట్టే. ఇంజన్ ఆపి కాసేపయ్యాక బ్యాటరీ 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 14 చుట్టుపక్కల ఉండాలి.

తర్వాత మెయింటెనెన్స్ పెద్ద పనేం కాదు. నిప్పుల్స్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతులు) అన్నిటికీ గ్రీజు కొట్టడం, డీజిల్ బండైతే ఫిల్టర్ కింద చేరిన నీళ్లు వదలడం, ఏ పని ఎన్ని కిలోమీటర్ల దగ్గర చేశారో ఒక నోటుబుక్కులో రాసుకోవడం. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి పొద్దున్నే మరక చూడండి: నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్, ఘాటుగా కంపు కొడితే గేర్ ఆయిల్, పచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంట్. చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే మాత్రం అది బ్రేక్ ఆయిల్ కావచ్చు, ఆ రోజు బండి తీయకండి.