రింగుల జుట్టు బిడ్డకు ఇంట్లోనే బొమ్మల పుస్తకం

ఏ4 సైజు డ్రాయింగ్ షీట్లు నాలుగు, 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు 120 గ్రాముల బరువు) రకం తెచ్చుకోండి. జిరాక్స్ కాగితమైతే స్కెచ్ పెన్ను సిరా అవతలికి దిగుతుంది, చార్టు అయితే మడత దగ్గర బిగుస్తుంది. నాలుగూ కలిపి మధ్యకు మడిస్తే 16 పేజీలు. బొమ్మ వేయకముందే పెన్సిల్‌తో నంబర్లు వేసుకోండి. కాగితం విప్పి పరిస్తే పక్కపక్క పేజీలు కలిపి 17 రావాలి: 1 పక్కన 16, 2 పక్కన 15. రాలేదంటే కుట్టాక కథ తారుమారే.

కథకు ఆదివారం తలంటు చాలు. అవ్వ నూనె పెడుతుంది, నాయన కుంకుడుకాయలు కొట్టి నానేస్తాడు, అక్క "కండ్లు మూసుకో!" అని అరుస్తుంది. మీ ఇంట్లో ఏ పని ఎవరిదో అదే రాయండి, పేజీకి ఒక్క వాక్యం. జుట్టును పిచ్చుకగూడు అనొద్దు, సరదాకు కూడా. గుమ్మడి నులితీగలా ఉందంటే బిడ్డ ఎగిరి గంతేస్తుంది.

అసలు సంబరం 7వ పేజీ తిప్పడంలో ఉంది. రింగుల జుట్టు తడిస్తే సాగి వీపు మీదికి వేలాడుతుంది, ఆరేకొద్దీ పైకి ముడుచుకుంటుంది. 7లో తడి జుట్టు, ప్రతి కొసనా ఒక నీటిబొట్టు. తిప్పగానే 8, 9 నిండా సాంబ్రాణి పొగ మీద బుట్ట, దానిపై పరుచుకున్న జుట్టు! ఆ రెండు పేజీలూ ఒకే కాగితం, కాబట్టి బొమ్మ మధ్యలో తెగదు.

నలుపు ఒక్కటే పూస్తే జుట్టు టోపీ అయిపోతుంది. ముందు గోధుమరంగు కలర్ పెన్సిల్ పలచగా రుద్ది, దానిమీద నల్ల స్కెచ్ పెన్నుతో పాపిట నుంచి కిందికి స్ప్రింగుల్లా గీయండి, సందులు వదలండి. అడుగున క్రేయాన్ వద్దు, మైనం మీద స్కెచ్ పెన్ను పట్టదు. దువ్వెన కొసల దగ్గరే వేయండి, రెండో చేయి పాయను పైన పట్టుకోవాలి. పిల్లలు బొమ్మలో చూసినట్టే దువ్వుకుంటారు, కుదుళ్ల నుంచి లాగితే చిక్కు ఇంకా బిగుస్తుంది.

తిరుపతి ఇళ్లలో గుండు తమ్ముడు ఒకడు ఉండనే ఉంటాడు. కొండమీద కల్యాణకట్టలో తలనీలాలిచ్చి, గంధం పూసుకుని వచ్చినవాణ్ణి 12లో కూర్చోబెట్టండి. 13లో నాలుగు చిన్న బొమ్మలు, నెలకొకటి: జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. గుండు చేయిస్తే రింగులు పోతాయని మాత్రం రాయొద్దు. రింగు పుట్టేది చర్మం లోపలి కుదురులో, కత్తి అంత లోతుకు పోదు.

కుట్టడానికి మడత మీద మూడు చిల్లులు: 3, 10.5, 18 సెంటీమీటర్ల దగ్గర. 60 సెంటీమీటర్ల దారంతో లోపలి నుంచి నడిమి చిల్లులో బయటికి, పైచిల్లులో లోపలికి, నడిమిది దాటి కిందిచిల్లులో బయటికి, మళ్లీ నడిమి చిల్లులో లోపలికి తీయండి. రెండు కొసలూ పొడవాటి దారానికి చెరోపక్క ఉండేలా ముడేయండి, లేకుంటే కుట్టు వదులవుతుంది.