వాలెట్టాలో ఫెర్రీ టికెట్ పారేయకండి

మాల్టా రాజధాని వాలెట్టా కొండమీద ఉంది, రేవేమో కింద. అవతలి గట్టున ఉన్న పాత ఊరు బిర్గుకి బస్సెక్కితే రేవంతా చుట్టి పోవాలి, పైగా ట్రాఫిక్.

అప్పర్ బరాకా తోట మూల నుంచి 58 మీటర్ల లిఫ్టులో కిందికి దిగండి. దిగడానికి డబ్బు తీసుకోరు, ఎక్కడానికే తీసుకుంటారు. రోడ్డు దాటితే లస్కారిస్ ఫెర్రీ రేవు. బిర్గు పక్కూరు బోర్మ్లాకి రాను పోను టికెట్ కొనండి. బోర్డు మీద కాస్పిక్వా అని ఉన్నా అదే ఊరు. అక్కణ్ణుంచి పడవలు కట్టిన గట్టు వెంట నడిస్తే బిర్గు, చివర్న సెయింట్ ఏంజెలో కోట. తిరిగొచ్చాక అదే టికెట్ లిఫ్టు దగ్గర చూపిస్తే పైకి ఉచితం. చాలామంది పడవ దిగగానే పారేసి మళ్లీ డబ్బు కడతారు. మధ్యాహ్నం 12కి తోటలో ఉంటే తోట కిందనున్న గట్టు మీద ఫిరంగి పేల్చడం కూడా చూడొచ్చు. దాని తర్వాత దిగడం మేలు.

గాలి గట్టిగా వీచే రోజు ఫెర్రీ ఆపేస్తారు. అప్పుడు ఊరి గేటు బయటి బస్టాండులో 2 నంబరు బస్సే దిక్కు. చలికాలంలో ఆఖరి ఫెర్రీ తొందరగా వెళ్లిపోతుంది, బోర్మ్లాలో పడవ దిగేటప్పుడే టైము చూసుకోండి.