వీధిలైటు వెలగాలన్నా, కుక్కల బెడద తగ్గాలన్నా కార్పొరేషన్‌లో ఎవర్ని పట్టుకోవాలి? (కర్నూలు వాళ్ల కోసం)

ఎక్కడో గొలుసు తెంచుకుపోయారని తెలిస్తే చాలు, మనోళ్లు కార్పొరేషన్‌ను తిట్టడం మొదలుపెడతారు. అసలు పోలీసులు ఉండేది రాష్ట్ర ప్రభుత్వం కింద, మేయర్ చెప్తే కానిస్టేబుల్ కదలడు. దొంగతనం, గొడవ, వేధింపులు ఏవైనా సరే 112కు ఫోన్ చేయండి. కార్పొరేషన్ చేతిలో ఉండేవి లైట్లు, డ్రైన్లు, రోడ్లు, కుక్కలు, ఆక్రమణలు. చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, గొలుసు లాగేవాడు కాచుకునేది లైటు లేని మలుపులోనే కదా.

లైటు సంగతే చూద్దాం. "మా వీధిలో లైటు వెలగట్లేదు" అని చెప్తే పని కాదు, ఏ వీధి, ఏ స్తంభం అని మళ్లీ అడుగుతారు. స్తంభం మీద నంబరుంటే ఫోటో తీయండి, లేకపోతే ఎదురింటి డోర్ నంబరు రాసుకోండి, రోజూ వెలగట్లేదా లేక వెలిగి ఆరిపోతోందా అన్నది కూడా చూసి, అవన్నీ రాసి వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీకి (వార్డులో లైట్లు, రోడ్ల లాంటి సౌకర్యాలు చూసే ఉద్యోగి) ఇవ్వండి. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా మాత్రం బయటికి రావద్దు. తీగ వేలాడుతున్నా, స్తంభం ఒరిగినా అది కరెంటోళ్ల పని, 1912కు చెప్పాలి. ఈ తేడా తెలియకే సగం అర్జీలు ఆఫీసుల మధ్య తిరుగుతుంటాయి.

కుక్కల్ని పట్టుకుపోయి ఎక్కడో వదిలేయమంటే కుదరదు. వీధికుక్కల మీద కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల ప్రకారం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మామూలుగా పట్టిన చోటే వదలాలి. అందుకే "మా వీధిలో ఆపరేషన్ కాని కుక్కలు ఇన్ని ఉన్నాయి, ఎప్పుడొస్తారు" అని అడగండి. చెవి కొన కత్తిరించి ఉంటే ఆ కుక్కకు ఆపరేషన్ అయినట్టే.

డ్రైను మీద కొత్త బండలు, కొత్త స్తంభాలు కావాలంటే దారి కాస్త పొడుగు. ఇంజనీరింగ్ వాళ్లు అంచనా వేయాలి, డబ్బు చూడాలి, టెండరు పిలవాలి, పెద్ద పనైతే స్థాయీ సంఘమో (స్టాండింగ్ కమిటీ), కార్పొరేటర్లంతా ఉండే కౌన్సిలో ఆమోదించాలి. ఇక్కడ మీ కార్పొరేటర్ అవసరం పడుతుంది. కర్నూల్లో 52 డివిజన్లు, అందరికీ పనులు కావాలి, డబ్బులేమో అవే. నలభై మంది సంతకాలున్న కాగితానికి ఉండే బరువు ఒక్కడు పోయి అరిస్తే రాదు. పాలకవర్గం లేని రోజుల్లో ప్రత్యేకాధికారి ఉంటారు, అప్పుడు కాగితం నేరుగా కమిషనర్ ఆఫీసుకే ఇవ్వండి.

హంద్రీ పక్కనున్నవాళ్లు, పాతబస్తీవాళ్లు పూడికతీత గురించి ఎండాకాలంలోనే అడగాలి. 2009 అక్టోబరు వరద చూసినవాళ్లకు వేరే చెప్పాలా? వానలు మొదలయ్యాక జేసీబీ తెచ్చి ఫోటోలు దిగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఎంత తిరిగినా కదలకపోతే రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేయండి, లేదా సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇవ్వండి. అదీ కాకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ ఫిర్యాదు నంబరు వేసి, ఫైలు ఎవరి టేబుల్ మీద ఎప్పట్నుంచి ఉందో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.