వానలు, బడి మొదలయ్యే ముందు: నెఫ్రోటిక్ పిల్లలున్న ఇంట్లో జాగ్రత్తలు

జూన్‌లో బడులు తెరుస్తారు, వానలూ అప్పుడే. మిగతా పిల్లలకు నాలుగు రోజుల్లో పోయే జలుబు, నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రోటీన్ పోయి ఒళ్ళు ఉబ్బే కిడ్నీ జబ్బు) ఉన్న పిల్లల్లో జబ్బును తిరగబెట్టగలదు. పైగా వాళ్ళు వాడే ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్), టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ లాంటి మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అలాగని బడి మాన్పించక్కర్లేదు, ముందే కొన్ని పనులు చక్కబెట్టుకుంటే చాలు.

మే నెలలోనే టీకాల కార్డు పట్టుకుని డాక్టర్ని కలవండి. ఫ్లూ ఇంజెక్షన్, న్యుమోకోకల్ టీకా ఎప్పుడు వేయించాలో అడగండి. ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా), ఆటలమ్మ టీకా, పోలియో చుక్కలు బతికున్న వైరస్‌తో చేసినవి. ఈ మందులు వాడుతుండగా డాక్టర్ సరేననకుండా వేయించకూడదు. పల్స్ పోలియో బూత్‌లో వాళ్ళు అడగరు, మనమే చెప్పాలి. ఇంట్లో చంటిపిల్లలుంటే వాళ్ళకు వేసే చుక్కల సంగతి కూడా కనుక్కోండి.

ఆటలమ్మ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. "అమ్మవారు పోసింది, మందులు ముట్టకూడదు" అని పెద్దవాళ్ళు అంటారు. వేపాకులు కట్టుకోండి, ఎవరూ కాదనరు. కానీ స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదకు రావచ్చు. పక్క బెంచీ పిల్లాడికి ఆటలమ్మ వచ్చిందని తెలిసిన రోజే, మనవాడికి పొక్కులు లేకపోయినా డాక్టర్‌కు ఫోన్ చేయండి. ముందుజాగ్రత్తగా ఇచ్చే ఇంజెక్షన్ అవసరమైతే ఎంత తొందరగా పడితే అంత మేలు.

పొద్దున్నే మొదటి మూత్రంలో ప్రోటీన్ చూసే స్ట్రిప్ ముంచి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, డబ్బా మీది రంగులతో పోల్చండి. పసుపుగా ఉంటే నిశ్చింత. ఆకుపచ్చకు తిరిగితే డైరీలో రాయండి. వరసగా మూడు రోజులు డబ్బా మీద 3+ అని ఉన్న రంగు వస్తే జబ్బు తిరగబెట్టినట్టే. కళ్ళు ఉబ్బేదాకా ఆగకండి, అప్పటికే ఆలస్యమవుతుంది. జ్వరం, జలుబు ఉన్నన్నాళ్ళూ రోజూ చూడాల్సిందే.

టాక్రోలిమస్ పన్నెండు గంటల తేడాతో, రోజూ ఒకే వేళకు వేయాలి. రక్తంలో మందు స్థాయి పరీక్ష ఉన్న రోజు పొద్దుటి మోతాదు రక్తం ఇచ్చాకే. వినాయక చవితికి పాలవెల్లికి కట్టిన పంపరపనస ఈ పిల్లలకు పెట్టకండి, అది మందు స్థాయిని పెంచుతుంది. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అంతే. జ్వరానికి, నొప్పికి వాడే ఇబుప్రోఫెన్ కిడ్నీకి మంచిది కాదు. అందుకే మెడికల్ షాపులో అడిగి ఏదో ఒకటి తెచ్చి వేయడం ఈ ఇంట్లో కుదరదు.

జ్వరంతో కడుపునొప్పి, ఆయాసం, మాత్ర నిలవనంత వాంతులు, మూత్రం బాగా తగ్గడం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళండి. విరేచనాలు పట్టుకుంటే టాక్రోలిమస్ స్థాయి పెరగొచ్చు, ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి. మోతాదు మాత్రం మీరు మార్చకండి.

వాగు పొంగితే దారి తెగే ఊళ్ళవాళ్ళు రెండు వారాల మందు ముందే కొనిపెట్టుకోండి. చిన్న ఊరి షాపులో టాక్రోలిమస్ దొరక్కపోవచ్చు. దొరికినా కంపెనీ వేరైతే, డాక్టర్ని అడిగాకే వేయాలి.