హైదరాబాద్‌లో ఉంటూ సుమో టోర్నమెంటును పదిహేను రోజులూ అనుసరించడం ఎలా

జపాన్ సంప్రదాయ కుస్తీ అయిన సుమోను, అందులో వృత్తి పోటీలను అనుసరించాలనుకునే హైదరాబాద్ వాసికి మొదటి అనుకూలతను గడియారమే కల్పిస్తుంది. జపాన్ సమయం మన సమయానికి మూడున్నర గంటలు ముందుంటుంది కనుక, అక్కడ సాయంత్రం 4 గంటలు దాటాక మొదలై 6 గంటలకు ముగిసే అగ్రశ్రేణి కుస్తీలు మనకు మధ్యాహ్నం 12.30 నుంచి 2.30 మధ్య, అంటే ఆఫీసుల్లో భోజన విరామం వేళకు పడతాయి. యూరప్ ఫుట్‌బాల్ కోసం అర్ధరాత్రి దాకా మేలుకునేవారికి ఈ సౌలభ్యం విలువ బాగా తెలుస్తుంది. పోటీలు ఏటా ఆరు: జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో టోక్యోలోను, మార్చిలో ఒసాకాలోను, జులైలో నగోయాలోను, నవంబరులో ఫుకువోకాలోను జరుగుతాయి. ఒక్కొక్కటి ఆదివారం మొదలై, మూడో ఆదివారం ముగిసేదాకా పదిహేను రోజులు సాగుతుంది. జనవరి పోటీ సాధారణంగా ఆ నెల రెండో ఆదివారం మొదలవుతుంది కనుక మన సంక్రాంతి అందులోనే వస్తుంది. పతంగుల కోసం మేడ ఎక్కేవారు మధ్యాహ్నం రెండు గంటల పాటు కిందికి దిగగలిగితే చాలు.

చూడడానికి రెండు మార్గాలు ఉన్నాయి. జపాన్ ప్రసార సంస్థకు చెందిన అంతర్జాతీయ చానల్ ఎన్.హెచ్.కె. వరల్డ్-జపాన్ వారు టోర్నమెంటు రోజుల్లో అగ్రశ్రేణి పోటీల ముఖ్యాంశాలను ఆంగ్ల వ్యాఖ్యానంతో ఉచితంగా ప్రసారం చేస్తారు. ఎంపిక చేసిన కొన్ని రోజుల్లో చివరి పోటీలను ప్రత్యక్షంగానూ చూపుతారు. జపాన్ సుమో సంఘం అధికారిక వెబ్‌సైటులో ఏ రోజు ఎవరితో ఎవరు తలపడుతున్నారో, ఎవరు ఏ పట్టుతో గెలిచారో ఆంగ్లంలో లభిస్తుంది. మధ్యాహ్నం వీలు చిక్కక రాత్రి ముఖ్యాంశాలు చూసేవారు అప్పటిదాకా ఆ వెబ్‌సైటును, ఫోనులో సుమో వార్తలను తెరవకుండా ఉండడం మంచిది, ఎందుకంటే ఫలితాలు పోటీ ముగిసిన వెంటనే కనబడతాయి. ఒక కుస్తీ చాలాసార్లు పది సెకన్లలోపే ముగిసిపోతుంది. ఫలితం ముందే తెలిసిపోతే అందులో చూడడానికి మిగిలేది తక్కువ.

అయితే వీడియో తెరవడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. టోర్నమెంటుకు సుమారు రెండు వారాల ముందు, సాధారణంగా ఒక సోమవారం నాడు, బంజుకే అనే స్థానాల పట్టిక విడుదలవుతుంది. దానిని కాగితం మీద ముద్రించుకుని దగ్గర పెట్టుకోండి. సుమోలో బరువును బట్టి విభాగాలు లేవు, లీగు పాయింట్లు లేవు. మల్లుడి జీతం, ప్రత్యర్థులు, గౌరవం, చివరకు అతడు కట్టుకోదగిన దుస్తులు కూడా ఈ పట్టికలో అతడి పేరు ఎక్కడుందనే దానిపైనే ఆధారపడతాయి. కొత్తగా చూసేవారు దాదాపు అందరూ కప్పు ఎవరు గెలుస్తారన్న ఒక్క ప్రశ్న వెంటే వెళతారు. నా అభిప్రాయంలో అసలు ఆట పట్టికలోనే ఉంది. కప్పు ఒక్కరికే దక్కుతుంది, కానీ పట్టికలో పైకి ఎక్కడం, కిందికి జారడం అనే పోరాటం అగ్రశ్రేణిలోని 42 మందికీ పదిహేనో రోజు వరకు సాగుతూనే ఉంటుంది.

పట్టికను చదవడం కష్టం కాదు. అన్నిటికంటే పైన యోకొజునా, తరువాత ఓజెకి, సెకివాకే, కొముసుబి ఉంటారు. వారి కింద మాయెగషిరా అనే సాధారణ అగ్రశ్రేణి మల్లులు 1వ సంఖ్య నుంచి సుమారు 17 దాకా వరుసగా ఉంటారు. ప్రతి సంఖ్యకూ తూర్పు, పడమర అని రెండు స్థానాలు ఉండగా, వాటిలో తూర్పు స్థానం అర మెట్టు ఎక్కువ. అగ్రశ్రేణికి కింద 28 మందితో జూర్యో శ్రేణి, దాని కింద మరో నాలుగు శ్రేణులు ఉన్నాయి. నెల జీతం జూర్యో నుంచే మొదలవుతుంది. అందువల్ల దాని కింది శ్రేణి అయిన మకుషితాలో మొదటి అయిదు స్థానాల వారు జూర్యోలోకి చేరడానికి చేసే కుస్తీలలో, కప్పు కోసం జరిగే కుస్తీలలో ఉన్నంత తీవ్రత ఉంటుంది.

పదిహేను రోజుల్లో ఎనిమిది గెలిస్తే కచికోషి, ఎనిమిది ఓడితే మకెకోషి. మొదటిది స్థానాన్ని పైకి తీసుకెళుతుంది, రెండోది కిందికి తోస్తుంది. మాయెగషిరాలలో గెలుపులు ఓటములకంటే ఎన్ని ఎక్కువైతే సుమారు అన్ని మెట్లు ఎక్కుతారని స్థూలంగా లెక్క వేసుకోవచ్చు. ఇది నియమం కాదు, పక్కవారి ఫలితాలను బట్టి మారే అంచనా మాత్రమే. ఓజెకి వరుసగా రెండు టోర్నమెంట్లలో మకెకోషి పొందితే ఆ హోదా పోతుంది. యోకొజునాకు మాత్రం హోదా తగ్గడం ఉండదు. ఆ స్థాయికి తగినట్టు ఆడలేనివాడు రిటైర్ కావాలన్నదే అక్కడి సంప్రదాయం. గాయపడి తప్పుకున్న రోజులు కూడా ఓటములుగానే లెక్కకు వస్తాయి కనుక, మోకాలికి కట్టుతో గోదాలోకి దిగే మల్లుడు ఎందుకు దిగుతున్నాడో పట్టిక చూస్తే అర్థమవుతుంది.

ఇక్కడ కొంత ఆగి ఆలోచించవలసిన విషయం ఉంది. కుస్తీల జతలు ముందుగా నిర్ణయమై ఉండవు. తొలి రెండు రోజులవి మినహా, ఏ రోజు జతలనైనా ముందు రోజు ఒక సంఘం కూర్చుని నిర్ణయిస్తుంది. ఒక టోర్నమెంటులో ఇద్దరు మల్లులు ఒక్కసారే తలపడతారు, ఒకే శిక్షణాలయానికి చెందినవారు తలపడరు. మాయెగషిరా 1 నుంచి సుమారు 4 దాకా ఉన్నవారు మొదటి వారమంతా యోకొజునా, ఓజెకిలను వరుసగా ఎదుర్కోవలసి వస్తుంది. అందువల్ల ఏడో రోజుకు రెండు గెలుపులు, అయిదు ఓటములతో ఉన్న మాయెగషిరా 2 బలహీనుడని తీర్మానించకండి. కఠినమైన దశ దాటి రెండో వారంలో తన స్థాయివారిని ఎదుర్కొన్నప్పుడు అతడు ఎనిమిదికి చేరుకోవచ్చు. అదే సమయంలో మాయెగషిరా 15వ స్థానంలో ఆరు గెలిచినవాడు ఇంకా పైవారిని ఎదుర్కోలేదు. అతడు గెలుస్తూ పోతే చివరి రోజుల్లో సంఘం అతడికి పైస్థాయి మల్లులను జత చేస్తుంది. గెలుపుల సంఖ్య ఒక్కటే చూస్తే ఈ తేడా కనిపించదు.

ఈ మాటకు 2024 మార్చి టోర్నమెంటు మంచి నిదర్శనం. తాకెరుఫుజి అనే యువకుడు అగ్రశ్రేణిలోకి మొదటిసారి అడుగుపెట్టి, మాయెగషిరా 17వ స్థానం నుంచి వరుసగా పదకొండు రోజులు గెలిచాడు. దాంతో పైవారిని ఎదుర్కోవలసి వచ్చి పన్నెండో రోజు హోషోర్యూ చేతిలో ఓడాడు. పద్నాలుగో రోజు అసనోయామాతో ఓడి చీలమండకు గాయం చేసుకున్నాడు. చివరి రోజు తప్పుకుంటాడేమోనని అందరూ అనుకుంటుండగా, ఆ కాలికి కట్టు కట్టుకునే వచ్చి గోనోయామాను నెట్టి పడగొట్టి, 13 గెలుపులతో కప్పు సాధించాడు. అగ్రశ్రేణిలో తొలి టోర్నమెంటులోనే కప్పు గెలవడం 110 ఏళ్ల తరువాత అదే మొదటిసారి.

కనుక పట్టిక చేతికి రాగానే ముగ్గురిని ఎంచుకోండి. ఒకరు పైస్థాయిలో, ఒకరు మాయెగషిరా మధ్యలో, ఒకరు అగ్రశ్రేణి అట్టడుగున లేదా జూర్యో మొదట్లో ఉంటే మేలు. జపాన్ పత్రికల పద్ధతిలోనే గెలుపుకు ఖాళీ సున్న, ఓటమికి నిండు నల్ల సున్న వేస్తూ, పక్కన ప్రత్యర్థి స్థానం రాసుకోండి. ముగ్గురిలో మధ్యవాడినే ఎక్కువ శ్రద్ధగా చూడమని నా సలహా. ఏడు గెలుపులు, ఏడు ఓటములతో అతడు పదిహేనో రోజుకు చేరితే, ఆ ఒక్క కుస్తీతో టోర్నమెంటు అంటే ఏమిటో మీకు పూర్తిగా తెలిసిపోతుంది.

ఇక గోదాలో చూడవలసినవి. పాతబస్తీ తాలీంలలో కుస్తీ చూసినవారికి రెండు భుజాలూ నేలకు ఆనించి చిత్తు చేస్తేనే గెలుపు అన్న అలవాటు ఉంటుంది; సుమోలో అరికాలు తప్ప శరీరంలో ఏ భాగం ముందుగా మట్టిని తాకినా, లేదా 4.55 మీటర్ల వలయం దాటి కాలు పడినా ఓటమే. వేలి కొస చాలు. అందుకే సగం కుస్తీలు మొదటి ఢీలోనే తేలిపోతాయి. దానిని తాచిఐ అంటారు. దానికి ముందు ఉప్పు చల్లడం, గొంతుక్కూర్చుని ఒకరినొకరు చూసుకోవడం, మళ్లీ లేచి మూలకు వెళ్లడం అగ్రశ్రేణిలో నాలుగు నిమిషాల దాకా సాగుతుంది. కొత్తవారికి అది వృథా సమయంగా తోచవచ్చు, కానీ దానిని దాటవేయకండి. సమయం అయిపోయిందన్న సూచన రాగానే ప్రేక్షకుల హోరు మారుతుంది. ఆ క్షణం నుంచి మల్లుల ముఖాలు చూడడం మాని చేతులు చూడండి: రెండో చేయి నేలను ఎవరు ముందు తాకించారు, ఎవరు ఆలస్యం చేస్తున్నారు అన్నది అక్కడ తెలుస్తుంది. ఢీకొన్న తరువాత తుంటి, పాదాలు చూడండి. తుంటి కిందికి ఉండి పాదాలు మట్టిని రాసుకుంటూ కదిలేవాడు స్థిరంగా ఉన్నట్టు. పాదం పైకి లేచిందంటే పట్టు జారుతున్నట్టు.

గెలుపు పట్లు 82 అని సంఘం గుర్తించినా, మొదట్లో నాలుగు తెలిస్తే సరిపోతుంది. నడుము పట్టీ పట్టుకుని బయటకు నెట్టుకుపోతే యోరికిరి, పట్టకుండా అరచేతులతో తోసి బయటకు పంపితే ఒషిదాషి, ముందుకు వాలినవాడి మెడనో భుజాన్నో కిందికి కొట్టి పడవేస్తే హతకికొమి, చేయి పైనుంచి వేసి పట్టీ పట్టుకుని విసిరితే ఉవాతెనాగే. ప్రతి మల్లుడికీ ఇష్టమైన పద్ధతి ఒకటుంటుంది. మీరు ఎంచుకున్న ముగ్గురు పట్టీ కోసం చూసేవారా, తోసేవారా అన్నది రెండో రోజుకల్లా రాసుకుంటే, ఆ మరుసటి రోజు జతను చూసి కుస్తీ ఎటు వెళుతుందో మీరే ఊహించగలుగుతారు. ఢీకొనే వేళ పక్కకు తప్పుకోవడం నియమ విరుద్ధం కాదు, కానీ పైస్థాయి మల్లుడు అలా చేస్తే ప్రేక్షకులు మెచ్చుకోరు. తీర్పు సందేహాస్పదమైనప్పుడు నల్ల కిమోనోలు ధరించిన అయిదుగురు న్యాయనిర్ణేతలు గోదా మీదికి వచ్చి చర్చిస్తారు. తేలకపోతే మళ్లీ తలపడమంటారు.

మాయెగషిరా ఎవరైనా యోకొజునాను ఓడిస్తే దానిని కింబోషి అంటారు. గోదాలో ఉన్నంతకాలం ప్రతి టోర్నమెంటుకూ అదనపు సొమ్ము దాని వల్ల లభిస్తుంది కనుక మొదటి వారంలో యోకొజునా కుస్తీ దేనినీ వదలకండి. 2025 జనవరి టోర్నమెంటు తరువాత హోషోర్యూ 74వ యోకొజునాగా, మే టోర్నమెంటు తరువాత ఓనోసాతో 75వ యోకొజునాగా నియమితులయ్యారు.

జపాన్ వెళ్లే అవకాశం ఉన్నవారు టోక్యో పోటీలు జరిగే ర్యోగోకు కొకుగికాన్‌కు సాయంత్రానికి కాకుండా మధ్యాహ్నమే చేరుకోవాలి. కింది శ్రేణుల కుస్తీలు ఉదయం నుంచే జరుగుతాయి. అప్పుడు హాలు సగానికి పైగా ఖాళీగా ఉంటుంది కాబట్టి ఉప్పు చల్లకుండానే వచ్చి తలపడే కుర్రవాళ్ల తలలు ఢీకొన్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది.

చివరి ఆదివారం బహుమతి ప్రదానం ఉంటుంది కనుక పోటీలు సుమారు అరగంట ముందుగా ముగుస్తాయి. మన సమయం ప్రకారం రెండు గంటలకు ముందే సిద్ధంగా ఉండండి. ఇద్దరో ముగ్గురో సమానంగా నిలిస్తే అదే రోజు తుది పోటీ జరుగుతుంది, అందులో మాత్రం ఒకే శిక్షణాలయం వారు కూడా తలపడవచ్చు. కప్పు అందుకున్న వెంటనే తెర మూసేయకండి. మీ కాగితం మీది సున్నలు లెక్కపెట్టి, మీ ముగ్గురూ వచ్చే పట్టికలో ఎక్కడ ఉంటారో పెన్సిలుతో రాయండి. జూర్యోలోకి కొత్తగా చేరేవారి పేర్లను సంఘం ఆ తరువాతి బుధవారం ప్రకటిస్తుంది. మిగిలినవారిలో చాలామంది స్థానాలు తదుపరి బంజుకేతోనే తెలుస్తాయి. అది వచ్చిన సోమవారం మీ పెన్సిలు రాతను దాని పక్కన పెట్టి, ఎక్కడ తప్పారో చూసుకుని, కొత్త ముగ్గురిని ఎంచుకోవచ్చు.