బడికి ర్యాంపు ఎలా కట్టాలి? తక్కువ సిమెంటుతో, సరైన వాలుతో

ర్యాంపు ఉన్న బడులు చాలానే ఉన్నాయి. చక్రాల కుర్చీలో పిల్లవాడు తనంతట తాను ఎక్కగలిగినవి మాత్రం తక్కువ. ఒక ఊరి బడిలో 45 సెంటీమీటర్ల బేస్‌మెంటుకు రెండున్నర మీటర్ల ర్యాంపు కట్టి, పైన సిమెంటు పాలతో నున్నగా మెత్తారు. తండ్రి వెనక నుంచి నెడుతుంటే కుర్చీ ముందు చక్రాలు గాలిలోకి లేచాయి.

కావలసినవి బూడిద (ఫ్లైయాష్) ఇటుకలు, సున్నం, ఇసుక, పాత గోడలు కూల్చిన ముక్కలు, మొరం, తాండూరు లేదా బేతంచెర్ల నాపరాళ్లు, దారం, నీళ్లు నింపిన సన్నని గొట్టం. బూడిద ఇటుకలను బట్టీలో కాల్చనక్కరలేదు. ర్యాంపు కడుపంతా కాంక్రీటుతో నింపడాన్ని నేను ఒప్పుకోను. సిమెంటు కోసం సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల దాకా కాల్చాలి, ఇంధనంతో పాటు ఆ రాయి నుంచీ కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కుర్చీని, పిల్లవాడిని మోయడానికి బాగా దిమ్మిస కొట్టిన మొరం చాలు.

అసలు కష్టమంతా వాలు కొలవడంలోనే ఉంది. వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు, అంటే ప్రతి సెంటీమీటరు ఎత్తుకు 12 సెంటీమీటర్ల పొడవు కావాలి. ఈ లెక్క మేస్త్రీలందరికీ తెలుసు. అయినా గోడ పక్కనే ఎత్తు కొలిచి, 45కు 540 సెంటీమీటర్లని ముగ్గు పోస్తారు. వాననీరు పోవడానికి బడి ఆవరణ గోడ నుంచి బయటికి వాలుగా ఉంటుందన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు. నేల మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున దిగుతుంటే, ర్యాంపు కింది కొస వచ్చే చోట ఎత్తు 45 కాదు, 59. కాబట్టి పొడవు సుమారు 7.1 మీటర్లు అవుతుంది.

అందుకని ముందు అంచనాగా ఒక మేకు పాతండి. గొట్టం ఒక కొసను వరండా గచ్చు మట్టానికి, రెండో కొసను మేకుకు ఆనించండి. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి కనుక, గచ్చు మట్టానికి సరిపోయిన నీటి గీత నుంచి మేకు దగ్గరి నేల దాకా ఎత్తు చూడండి. దాన్ని 12తో హెచ్చవేసి, మేకును ఆ దూరానికి జరిపి మళ్లీ కొలవండి. మూడు నాలుగు సార్లకు లెక్క కుదురుతుంది. ఇంత పొడవుకు మధ్యలో 1.5 మీటర్ల చదును పెట్టండి. దానివల్ల మేకు ఇంకా ముందుకు జరుగుతుంది కనుక మరోసారి కొలవాలి. వరండాకు కొత్తగా బండలు వేయబోతుంటే వాటి మందం కూడా ముందే కలపండి.

ఆ తర్వాతి పని సులువు. రెండు వైపులా సున్నంతో ఇటుక గోడలు లేపి, మధ్యలో ముక్కలూ మొరమూ 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి దిమ్మిస కొట్టండి. నాపరాళ్లను గరుకు ముఖం పైకి వచ్చేలా పరవండి. పాలిష్ రాళ్లు వద్దు, సిమెంటు పాలు అసలే వద్దు. వరండాతో కలిసే చోట అర అంగుళం మెట్టు కూడా మిగలకూడదు. చేతిపట్టీలు రెండు వైపులా 76, 90 సెంటీమీటర్ల ఎత్తుల్లో పెట్టండి. ఒంటిపూట బడుల రోజుల్లో ఇనుప పైపు చేతులు కాలుస్తుంది, నీడ పడే వైపే ర్యాంపు కట్టండి.